అమ్మ పాటల పుస్తకం

అమ్మ వాడిన 'ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు' అట్ట ఊడిపోయింది. ఆమె కుట్టిన నల్లదారం మాత్రం ఇంకా బిగువుగానే ఉంది. కొన్ని పుటల మీద ఎప్పుడో ఆరిపోయిన తడి మరకలు.

నాన్నను సమాధి చేసిన తర్వాతి ఆదివారమే ఆమె గుడికి బయల్దేరింది. "ఈ వారానికి వద్దులే అమ్మా" అన్నాను. వినలేదు. మొదటి చరణానికి గొంతు పెగల్లేదు, పెదవులే కదిలాయి. రెండో చరణానికి సన్నగా, శ్రుతి తప్పి, పాట వచ్చింది. పక్కన నిలబడ్డ నాకు కోపం వచ్చింది. ఇంత పోగొట్టుకున్నాక దేనికమ్మా ఈ స్తోత్రం?

బైబిల్లో 13వ కీర్తన ఆరే వచనాలు. దేవుడు తనను మరచిపోయాడన్న మొరతో మొదలై, పాడతానన్న మాటతో ముగుస్తుంది. మధ్యలో కష్టం తీరినట్టు ఎక్కడా లేదు. చాలా ఏళ్ల తర్వాతే అది గమనించాను.

హెబ్రీయులకు రాసిన పత్రికలో ఒక మాట ఉంది: స్తుతియాగం. చిన్నప్పటి నుంచి ప్రార్థనల్లో వింటున్నదే. అందులో యాగం ఉందని మాత్రం ఆ రోజు అమ్మ గొంతు విన్నాకే తెలిసింది. ఆమె దగ్గర అప్పుడు ఇవ్వడానికి మిగిలింది ఆ బొంగురు గొంతే. అదే ఇచ్చింది.

ఇప్పుడు అమ్మ లేదు. రేపు ఆదివారం. పుస్తకం నా సంచిలో పెట్టుకున్నాను.