అమ్మకపు భాషలు

ప్రదర్శనకు వచ్చే జనం చూసేది సరుకు. మా సంస్థ అమ్మేది మాత్రం నేల: మూడు మీటర్ల పొడవు, మూడు మీటర్ల వెడల్పు, నాలుగు రోజుల గడువు. హైదరాబాదులో పారిశ్రామిక ప్రదర్శనలు జరిపే ఒక సంస్థలో నేను సేల్స్ మేనేజరును. నాకీ ఉద్యోగం యిచ్చింది పట్టాలు చూసి కాదు, అయిదు భాషలు చూసి. మన సాహిత్యంలో రైతు వున్నాడు, గుమాస్తా వున్నాడు, బడిపంతులు వున్నాడు. నోటిమాటనే పనిముట్టుగా పెట్టుకు బతికే యీ మధ్యతరగతి జీవిని గురించి మన విమర్శకులు తగినంత ఆలోచించలేదని నా అభిప్రాయం.

పొద్దున్నే కోయంబత్తూరు పంపుల తయారీదారుతో తమిళంలో మొదలుపెడతాను. తర్వాత రాజ్‌కోట్‌తో హిందీ, బెంగుళూరు పీణ్యా పారిశ్రామికవాడతో కన్నడం, మధ్యాహ్నానికి విజయవాడ ఆటోనగర్. ఒకరు అణ్ణా, ఒకరు భాయీ, ఆటోనగర్ యజమాని బాబాయి. ఈ వరసలన్నీ బూటకమని నేననను. ముక్తసరిగా రేటు అడిగిన మనిషి "బాబాయ్" అనగానే గొంతు మార్చి, కూతురి పెళ్ళి గురించీ పెరిగిన రాగి ధర గురించీ చెబుతాడు. భాషకు ఆ శక్తి నిజంగానే వుంది. వుంది గనుకనే దానికి ధర కట్టారు. నెలాఖరున నా ఆప్యాయతల లెక్క చదరపు మీటర్లలో తేలుతుంది.

నాంపల్లి నుమాయిష్‌లోనూ భాష సరుకును అమ్ముతుంది. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలైన ఆ ప్రదర్శనకు కాశ్మీరు శాలువాల వర్తకులు వస్తారు, ఉర్దూలో బేరమాడతారు. కాని అక్కడ బేరం ఏ భాషలో మొదలైతే ఆ భాషలోనే ముగుస్తుంది. మా దగ్గర అలా కాదు. అయిదు భాషల మాటలూ చివరకు ఒక ఇంగ్లీషు కాగితం మీద సంతకమై ఆగుతాయి. కట్టిన డబ్బు తిరిగి యివ్వబడదనీ, స్టాలు వుండే చోటును నిర్వాహకులు మార్చవచ్చుననీ అందులో సన్న అక్షరాల్లో వుంటుంది. రెండువైపులా తెరిచి వుండే మూలస్టాలు కోసం అదనపు రేటు కట్టిన చిన్న తయారీదారుకు ఆ రెండో షరతే ప్రాణం. 1851లో లండన్ స్ఫటిక భవనంలో సరుకుల మీద ధరలు ప్రదర్శించనివ్వలేదట. ఇప్పుడు ధర చెబుతారు, షరతును దాస్తారు. తెలుగును అధికార భాష చేస్తూ 1966లో చట్టం వచ్చింది. అది ప్రభుత్వ కార్యాలయాల దాకానే. వర్తకుల ఒప్పందాల జోలికి రాలేదు.

ప్రారంభానికి ముందురాత్రి హాలులో మరో భాష వినిపిస్తుంది. బీహారు వడ్రంగులూ పాలమూరు హమాలీలూ పలకలు మోస్తూ సగం హిందీ, సగం తెలుగు కలిపి మాట్లాడుకుంటారు. "జర ఎత్తు భయ్యా" అంటే యిద్దరికీ అర్థమవుతుంది. ఆ భాషకు ఇన్‌సెంటివ్ లేదు.

ఒప్పందానికి తెలుగు ప్రతి వుండాలని నేనడిగితే, రెండు ప్రతులుంటే కోర్టులో ఏది చెల్లుతుందని పైవాళ్ళు ప్రశ్నించారు. తెలుగులో అమ్మేటప్పుడు వారికా అనుమానం రాలేదు. షరతులన్నీ నేనే తెలుగు చేసి, సంతకానికి ముందు ఫోనులో చదివి వినిపించడం మొదలుపెట్టాను. ఆటోనగర్ బాబాయి అంతా విని, "ఏమయ్యా, చోటు మారిస్తే మూల రేటు వెనక్కిస్తారా?" అన్నాడు. అది రాసి యిచ్చేదాకా సంతకం పెట్టనన్నాడు. తొమ్మిది రోజుల తర్వాత రాసి యిచ్చారు, ఇంగ్లీషులోనే. ఆ వాక్యాన్ని ఆయనకు తెలుగులో చదివి వినిపించాను. పీణ్యావాళ్ళ కోసం కన్నడంలో రాసుకున్నాను. తమిళంలో యింకా రాయవలసి వుంది.