టీ కొట్లో ఆట కట్టు!

కేరళలోని త్రిశూర్ జిల్లాలో జలపాతాలు చూడ్డానికి మరోట్టిచల్ వెళ్లేవాళ్లు చాలామందే. కానీ ఆ కొండపల్లెలో తప్పక చూడాల్సింది టీ కొట్టు బల్లల మీది చదరంగం. 1970, 80ల్లో నాటుసారా, జూదం ఊరిని పీల్చి పిప్పిచేశాయి. బాబీ ఫిషర్ గురించి చదివి ఆట నేర్చుకున్న ఉన్నికృష్ణన్, తన కొట్టుకి వచ్చినవాళ్లందరికీ ఉచితంగా ఎత్తులు నేర్పారు. పేకముక్కలు పట్టిన చేతులు బంట్లను జరపసాగాయి. ఇరుగుపొరుగులే ఇక్కడ ప్రత్యర్థులు. తాత ఏనుగుకి మనవడి గుర్రం ఎసరు పెడుతుంది. చుట్టూ చేరినవాళ్లు ఊరుకోలేక సలహాలిస్తారు. పంతానికి కొదవలేదు కానీ, ఓడితే ఇల్లు గుల్లయ్యే ఆట కాదిది. మర్నాడు మళ్లీ బల్ల దగ్గరికొస్తే సరి... బాకీ తీర్చుకోవచ్చు!