మూలుగ చెప్పే మాట

తూంకుంటలోని మా క్లినిక్‌కి ఒకే వారంలో ఇద్దరు వచ్చారు. గుర్తుపట్టే వివరాలు మార్చి రాస్తున్నాను. ఒకరు శామీర్‌పేట వైపు ద్రాక్ష తోటల్లో కూలికి పోయిన అరవై ఎనిమిదేళ్ల పెద్దమ్మ. రెండో ఆయన రాజీవ్ రహదారి మీద ఏళ్ల తరబడి బండి నడిపిన యాభై ఆరేళ్ల లారీ డ్రైవర్. ఇద్దరిదీ ఒకటే మాట: "నాలుగడుగులేస్తే ఆయాసమొస్తున్నది సారూ." ఇద్దరికీ హిమోగ్లోబిన్ 7 దగ్గరే ఉంది. నెలల తరబడి టానిక్కులు తాగినా పెరగలేదు.

బోన్ మ్యారో పరీక్ష అనగానే పెద్దమ్మ భయపడింది. "వెన్నుల నుంచి నీళ్లు తీస్తే నడుము పడిపోతదట గదా?" వెన్ను కాదమ్మా, తుంటి ఎముక వెనక నుంచి కాస్త మూలుగ తీస్తాం, మూలుగ బొక్క తెలుసు గదా, అదే అన్నాను. తల ఊపింది.

ఇద్దరికీ తేలింది ఒకటే జబ్బు: ఎం.డి.ఎస్., అంటే మైలోడిస్‌ప్లాస్టిక్ సిండ్రోమ్. నారుమడి నిండా మొలకలున్నా నాటడానికి పనికొచ్చే నారు లేనట్టు ఉంటుందిది. మూలుగలో కణాలు పుడతాయి, కానీ ఎదగక ముందే చాలావరకు అక్కడే చచ్చిపోతాయి.

ఇద్దరి దారులూ విడిపోయింది క్రోమోజోముల రిపోర్టు దగ్గర. విభజన జరుగుతున్న 20 కణాలను ఆపి, ఒక్కో క్రోమోజోమునూ చూస్తారు. పెద్దమ్మకు అయిదో క్రోమోజోములో ఒక ముక్క లేదు. డ్రైవర్‌కు ఏడో క్రోమోజోముల్లో ఒకటి మొత్తంగా మాయమైంది, ఇంకా మూడు చోట్ల తేడాలున్నాయి. 2012లో ఏడు వేల మందికి పైగా పేషెంట్ల వివరాలతో ఈ తేడాలను అయిదు తరగతులుగా విడదీశారు. పెద్దమ్మది మంచి తరగతి. అందులో సగం మంది 4.8 ఏళ్లు దాటి బతికారు. డ్రైవర్‌ది అన్నిటికన్నా కఠినమైనది. అందులో ఆ అంకె 0.7 ఏళ్లు, అంటే సుమారు ఎనిమిది నెలలు. 2022లో వచ్చిన కొత్త కొలత 31 జన్యువుల్లోని మార్పులను కూడా లెక్కలోకి తీసుకుంటుంది.

రిపోర్టు ఇచ్చిన రాత్రి పెద్దమ్మ కొడుకు ఫోన్ చేశాడు. "సార్, అందుల జన్యు లోపం అని రాసిన్రు. మా బిడ్డకు సంబంధం ఖాయమైంది. గా మాట లేకుండ చెయ్యొచ్చా?"

మర్నాడు వాళ్లందరినీ కూర్చోబెట్టాను. ఈ లోపం అమ్మకు పుట్టుకతో రాలేదు. ఏళ్లు గడిచాక మూలుగలోని ఒక కణంలో వచ్చింది, ఆ కణం సంతతి పెరిగింది. బిడ్డలకు ఇచ్చే కణాల్లో అది లేదు. కొన్ని కుటుంబాల్లో మాత్రం ఇలాంటి జబ్బు వంశంలో నడుస్తుంది. అందుకే ఇంట్లో ఇంకెవరికైనా రక్తం జబ్బులున్నాయా అని అడిగాను. ఎవరికీ లేవన్నారు. ఆమె కొడుకు చేతులు జోడించి కూర్చుండిపోయాడు.

అయిదో క్రోమోజోములో ముక్క పోయే ఈ రూపాన్ని 1974లో బెల్జియంలో వాన్ డెన్ బెర్గే బృందం వర్ణించింది. దానికి లెనాలిడోమైడ్ అనే మందు 2005లో అమెరికాలో ఆమోదం పొందింది. పోయిన ముక్కతో ఒక ప్రోటీన్ సగానికి తగ్గుతుంది. మందు మిగిలిన సగాన్నీ తగ్గిస్తే జబ్బు కణం తట్టుకోలేదు, మంచి కణం తట్టుకుంటుంది. ఒక పెద్ద పరిశీలనలో నూటికి 67 మందికి రక్తం ఎక్కించే అవసరమే తప్పింది. పెద్దమ్మకూ అలాగే తప్పింది. ఇప్పుడు ఆ మందును హైదరాబాద్ కంపెనీలే తయారు చేస్తున్నాయి.

డ్రైవర్‌తో మాట్లాడే ముందు నాకు పాత తప్పు గుర్తొచ్చింది. ఏళ్ల క్రితం, వేరే ఊళ్లో పనిచేసేటప్పుడు, ఒక పేషెంటుకు అంకె చెప్పాను. దాని అర్థం చెప్పలేదు. "ఇంకెందుకు" అని రక్తం ఎక్కించుకోవడం కూడా మానేసి ఇంటికెళ్లిపోయాడు. సగం మంది అంతకన్నా ఎక్కువ బతికారన్న మాట నేను అననే లేదు.

అందుకే ఈసారి అంకెను చివరికి ఉంచాను. జబ్బు గట్టిదని, మూలుగ మార్పిడి ఒక్కటే నయం చేయగల దారి అని, అది కూడా అందరికీ పనిచేయదని చెప్పాను. తమ్ముడిని పరీక్షించాం, సరిపోయాడు. వంశంలో నడిచే లోపం లేదనీ చూసుకున్నాం. మార్పిడి జరిగింది, కొన్ని నెలలకు జబ్బు తిరగబెట్టింది. మొత్తం పద్నాలుగు నెలలు బతికాడు. ఆ కాలంలో లారీ అమ్మి ఫైనాన్స్ బాకీ తనే తీర్చాడు. "తెలిసింది గనక సర్దుకున్న సారూ" అన్నాడు.

ఇలాంటి అంకెలు కాలంతో మారతాయి కూడా. 1957లో నార్వే వైద్యుడు హిల్లెస్టాడ్ ఒక రకం ల్యుకేమియాను అత్యంత వేగంగా ప్రాణం తీసేదని రాశాడు. 15, 17 క్రోమోజోముల మధ్య ముక్కల మార్పు దానికి మూలమని తర్వాత తెలిసింది. విటమిన్-ఎ జాతి మందు, ఆర్సెనిక్ వచ్చాక, మందు అందేదాకా నిలిచినవారిలో నూటికి తొంభై మంది వరకూ కోలుకుంటున్నారు. క్రోమోజోము అదే, మారింది మందు.

అందుకే ఇప్పుడు రిపోర్టు చేతిలో పెట్టే ముందు ఇంట్లో ఎవరికైనా ఇలాంటి జబ్బు ఉందా అని అడుగుతాను. లేదంటే, మీ పిల్లలకు ఇది వచ్చే భయం చాలా తక్కువని చెబుతాను. ఆ తర్వాత మందు గురించి, ఆఖరున అంకె గురించి మాట్లాడతాను. ఆ అంకె ఇప్పటిదాకా జబ్బు చేసినవాళ్లది, ఎదురుగా కూర్చున్న మనిషిది ఇంకా రాయలేదు.