మనుషులు కట్టని చెరువులు

మా అబ్బాయి సైన్యంలో చేరి సిక్కింలో పని చేయుచున్నాడు. 2023 అక్టోబరు 4న అక్కడ తీస్తా నదికి వరద వచ్చి సైనికులు కొట్టుకుపోయారని టీవీలో చెప్పారు. ఆ పూట మా ఇంట పొయ్యి వెలగలేదు. మరునాటి సాయంకాలానికి గాని వాని గొంతు వినలేదు. దేవుని దయవలన క్షేమంగా ఉన్నాడు. "కొండమీద చెరువు తెగింది నాన్నా" అన్నాడు. చెరువు తెగడమంటే రైతులకు వేరే చెప్పనక్కర లేదు. కాని అంత ఎత్తున చెరువేమిటి? మరుసటి ఏప్రిల్‌లో వాడిని చూడడానికి మేమిద్దరం బయలుదేరాము.

న్యూ జల్పాయిగురిలో రైలు దిగి, తీస్తా ఒడ్డు వెంబడే జీపులో గాంగ్‌టాక్ చేరుకొన్నాము. దారిలో కొన్ని ఇండ్లు ఇంకా ఇసుక మేటలలో కూరుకొనే ఉన్నాయి.

తెగిన చెరువు పేరు దక్షిణ లొనాక్. సుమారు 17,000 అడుగుల ఎత్తున, సరిహద్దు దగ్గర ఉన్నది. మనవంటివారు వెళ్లే చోటు కాదు. అందుచేత అబ్బాయి మమ్మల్ని గాంగ్‌టాక్‌కు 40 కి.మీ. దూరంలోని సోమ్‌గో సరస్సుకు తీసికొని వెళ్లాడు. దీనినే చాంగు అని కూడా అంటారు. అనుమతి పత్రం లేనిదే పోనివ్వరు. వెళ్లేవారు ఫొటోలు, ఓటరు కార్డు మరువకండి. ఒక్క పూటలోనే 12,000 అడుగులు దాటి పైకి పోతాము గనుక పది అడుగులు వేస్తే ఆయాసం. "అమ్మా, తొందరపడకు, నెమ్మదిగా నడువు" అని వాడు చేయి పట్టుకొని నడిపించాడు.

సరస్సు ఎంత అందంగా ఉన్నదో! ఒడ్డున ఇంకా మంచు పలకలు. నడుమ నీటిలో కొండలు తలక్రిందులుగా కనబడుచున్నాయి. రంగు రంగుల జీనులు వేసిన జడల బర్రెలు బేరం కొరకు నిలిచి ఉన్నాయి. మా కండ్లు మాత్రం కట్టను వెదికాయి. "తూము ఎక్కడరా? అలుగు ఏది?" అని అడిగాము.

వాడు నవ్వి, లొనాక్ సంగతి చెప్పాడు. అక్కడ కొండమీది మంచు కరిగి వెనుకకు పోవుచు, తాను మోసుకొచ్చిన రాళ్లు, మట్టి ముందర కుప్పగా వదలిపెట్టింది. ఆ కుప్పే కట్ట. దాని వెనుక నీరు ఏటేటా పెరిగింది. 2016లో పైపులు వేసి కొంత నీరు తోడారు. అంతటి చెరువుకు అవి చిన్న తూములు! చివరకు ఒక రాత్రి ప్రక్కనున్న గట్టు విరిగి నీటిలో పడగా, పెద్ద అల లేచి కట్టను తెంచింది. దిగువన చుంగ్‌తాంగ్‌లో 1,200 మెగావాట్ల విద్యుత్ కేంద్రపు ఆనకట్ట సహా కొట్టుకుపోయింది. మన ఊళ్లలో వాన ముసురు పట్టితే కట్టమీదికి లాంతరుతో పోయేవారు ఉండేవారు. అక్కడ ఎవరు పోగలరు?

వాడికి దొరికిన సెలవు రెండు రోజులే. వానలు మొదలు కాకముందే ఉత్తరాన ఇనుప వంతెనల పని ముగించాలట. జీపు దగ్గర ఇక ఎప్పుడు వస్తావని మేము అడుగలేదు. చెవులు కప్పుకొమ్మని మాత్రం చెప్పాము.