పట్టుదల ఒక్కటే చాలదు

ఒకప్పుడు ఫజ్ర్ వేళ మా ఇంట్లో కుళాయి చప్పుడు ఒక పట్టాన ఆగేది కాదు. డిగ్రీ చదువుతున్న మా పెద్దమ్మాయి వుజూకు కూర్చుంటే నలభై నిమిషాలకు గానీ లేచేది కాదు. మోచేయి పూర్తిగా తడిసిందా లేదా అన్న సందేహం రాగానే మళ్ళీ మొదటినుంచీ ప్రారంభించేది. నమాజు సమయం దగ్గర పడేకొద్దీ ఆందోళన, దానితోపాటే సందేహం పెరిగేవి. చేతుల చర్మం పగిలి నెత్తురు చెమర్చేది.

తల్లిదండ్రులుగా మేము చేసిన పొరపాటును దాచుకోదలచలేదు. "మనసు గట్టి చేసుకో బేటీ, ఈమాన్ ఉన్నవారికి ఇదెంత పని?" అన్నాము. మూడుసార్లకు మించి కడగనని ఆమె చేత మాట తీసుకున్నాము. రెండు రోజులు నిలబెట్టుకుంది, మూడవనాడు ఓడిపోయింది. ఓడిన ప్రతిసారీ తాను పాపాత్మురాలినన్న భావన ఆమెలో మరింత లోతుగా నాటుకుంది. ధైర్యమనుకుని మేము ఇచ్చింది నిజానికి మరొక బరువు.

సందేహం నిశ్చయాన్ని తొలగించలేదన్న ఫిఖ్హ్ సూత్రాన్ని మా మసీదు మౌలానా సాహెబ్ ఓపికగా వివరించారు. దైవప్రవక్త (స) ఒక్క ముద్, అంటే సుమారు ఒక దోసెడు నీటితోనే వుజూ చేసేవారని గుర్తు చేశారు. ఇవన్నీ ఆమెకు ముందే తెలుసు. ఆ రాత్రి ఆమె మాతో అన్న మాట నేటికీ మా చెవుల్లో ఉంది: "నేను ప్రయత్నించడం లేదనుకుంటున్నారు మీరు. పొద్దస్తమానం నేను చేసేది అదొక్కటే, అమ్మీ."

ఆ మాటే మమ్మల్ని మానసిక వైద్యురాలి వద్దకు నడిపించింది. ఇది ఓసీడీ అనే జబ్బు అని ఆమె చెప్పారు. పట్టుదల ఎందుకు ఓడిందో కూడా వివరించారు. 1987లో అమెరికాలో డేనియల్ వెగ్నర్ అనే మనోవైజ్ఞానికుడు, ఆయన సహచరులు కొందరు విద్యార్థులను ఐదు నిమిషాలపాటు తెల్ల ఎలుగుబంటిని తలచుకోవద్దని కోరారు. వారికి అదే పదేపదే గుర్తుకు వచ్చింది. తర్వాత తలచుకోవచ్చు అన్నప్పుడు, ముందుగా అణచుకున్నవారికే అది మరింత ఎక్కువగా తలపుకు వచ్చింది. ఆలోచనను బలవంతంగా నెట్టివేయాలంటే అది వచ్చిందో లేదో మనసు కాపలా కాయాలి. ఆ కాపలాయే దానిని మళ్ళీ పిలుస్తుంది.

కడుక్కుంటే క్షణకాలం ఊరట కలుగుతుంది. ఆ ఊరటే మరోసారి కడగమంటుంది. "తడిసింది కదా అమ్మీ?" అని అడిగినప్పుడల్లా "తడిసింది బేటీ" అని మేము ఇచ్చిన భరోసా కూడా జబ్బుకు మేతే అయిందని తెలిసి నిర్ఘాంతపోయాము.

చికిత్సలో సందేహాన్ని గెలవమని ఎవరూ అనలేదు. ఒక్కసారే వుజూ చేసి, సందేహం ఉండగానే ముసల్లా మీదికి వెళ్ళడం, ఆందోళన తనంతట తాను తగ్గేవరకు ఓర్చుకోవడం అంచెలంచెలుగా నేర్పారు. మందులూ ఇచ్చారు. అవి పనిచేయడానికి వారాలు పట్టింది. భరోసా మాటలు మానుకుని ఆమె పక్కన మౌనంగా కూర్చోవడం మేమూ నేర్చుకున్నాము.

వెయ్యేళ్ళకు పూర్వమే అబూ జైద్ అల్ బల్ఖీ అనే ముస్లిం పండితుడు దేహానికీ మనసుకూ కలిపి ఒక గ్రంథం రాశారు. వదలని ఆలోచనలను కోపం, భయం, దుఃఖాలతోపాటు ఒక ప్రత్యేక బాధగా అందులో వర్ణించారు. అలాంటివారు ఏకాంతాన్ని వీడి నలుగురి తోడు కోరుకోవాలని సూచించారు. మేము మాత్రం మా బిడ్డను ఆమె సంకల్పంతో ఒంటరిగా వదిలేశాము.

ఇప్పుడు ఆమె వుజూ ఐదు నిమిషాల్లో ముగుస్తోంది. పరీక్షల రోజుల్లో మళ్ళీ తడబడుతుంది, మళ్ళీ నిలదొక్కుకుంటుంది. సంకల్పం వ్యర్థమని మేము అనడం లేదు. వైద్యుల గడప తొక్కడానికి, కుళాయి కట్టి లేవడానికి అదే కావాలి. కానీ విరిగిన కాలికి పట్టీ కట్టకుండా నడవమని ఎవరూ అనరు గదా!

మీ ఇంట్లోనూ ఇలా పెనుగులాడుతున్నవారుంటే వారి ఈమాన్‌ను కొలవకండి. ప్రభుత్వ టెలీ మానస్ సేవ 14416 నంబరుపై ఉచితంగా లభిస్తుంది. దుఆ చేయండి, చికిత్సకూ తోడుగా వెళ్ళండి.