బందరు రైల్లో కబడ్డీ వేలం

2025 జూన్ 1, ఆదివారం. గుడివాడ స్టేషన్లో బందరు రైలెక్కేసరికి మా పిన్ని కొడుకు అప్పటికే కిటికీ సీటు పట్టేశాడు. చేతిలో ఫోన్, చెవిలో ఒక్క ఇయర్‌బడ్. రెండోది ఎక్కడో పోయిందట. "అన్నయ్యా, సి కేటగిరీ నడుస్తోంది, మాట్లాడకు" అన్నాడు. అంతే, పలకరింపు అయిపోయింది.

ముంబైలో ప్రో కబడ్డీ లీగ్ పన్నెండో సీజన్ వేలం రెండో రోజు అది. అక్కడ ఏసీ హాల్లో పన్నెండు జట్ల వాళ్లు టేబుళ్ల చుట్టూ కూర్చుని బోర్డులు ఎత్తుతున్నారు. ఇక్కడ మా రైలు నూజెళ్ల దాటి గుడ్లవల్లేరు వైపు పోతోంది. జూన్ మొదట్లో కృష్ణా డెల్టా చూడాలంటే కాస్త ధైర్యం కావాలి. సినిమాల్లో చూపించే పచ్చదనం ఉండదు. కాలువలు కట్టేసి ఉంటాయి, మినుము కూడా ఎప్పుడో ఎత్తేసి ఉంటారు. నల్లరేగడి నోరు తెరుచుకుని ఉంటుంది. ఆ నెర్రెల్లో చెప్పు జారిందంటే కర్రతో లాగాల్సిందే. కానీ ఆటకి మాత్రం ఇదే సీజను. పంట లేని పొలమే మా ఊళ్లకి స్టేడియం.

తమ్ముడికి పందొమ్మిదేళ్లు. రైడరు. నాగాయలంక వైపు పల్లెటూరు. గుడివాడలో ముందు రోజు రాత్రి ఫ్లడ్‌లైట్ల కింద జరిగిన టోర్నమెంటులో గెస్టుగా ఆడి వస్తున్నాడు. గెస్టు అంటే పెళ్లి చుట్టం కాదు. వాళ్ల ఊరి జట్టులో మంచి రైడరు లేడు, మనవాణ్ని పిలిచారు. రాత్రికి రెండు వేలు, రానూపోనూ చార్జీలు, ఒక బిర్యానీ. సంతకం లేదు, కాగితం లేదు. "గెలిస్తే ఇంకో ఐదొందలు అన్నారు. గెలిచాం. ఇవ్వలేదు." అదీ వాడి కాంట్రాక్టు.

వాడి ఫోన్లో నడిచే కాంట్రాక్టులు వేరు. ఒక్కో జట్టు దగ్గర 5 కోట్ల పర్సు. ఆటగాళ్లు ఎ, బి, సి, డి అని నాలుగు తరగతులు. కనీస ధర ఎ అయితే 30 లక్షలు, బి 20, సి 13, డి 9. డి లో 9 లక్షల దగ్గర మొదలైన పేరు, ఇద్దరు ఓనర్లు పట్టుదలకి పోతే అర నిమిషంలో ఎక్కడికో వెళ్లిపోతుంది. ఆ వేలంలో కోటి దాటినవాళ్లే పదిమంది. ఇరాన్ ఆల్‌రౌండర్ మహ్మద్‌రెజా షాద్లూయిని గుజరాత్ జెయింట్స్ 2.23 కోట్లకి పట్టుకుపోయింది. 2014లో మొదటి వేలంలో అందరికంటే ఖరీదైన రాకేశ్ కుమార్ ధర ఎంతో తెలుసా? 12 లక్షల 80 వేలు.

నాకు మాత్రం పవన్ సెహ్రావత్ లెక్కే ఆసక్తి. 2022లో తమిళ్ తలైవాస్ 2.265 కోట్లు పెట్టి కొంది. సీజన్ మొదటి మ్యాచ్‌లోనే మోకాలు దెబ్బతింది, మిగతా సీజనంతా బెంచీ. మరుసటేడాది మన తెలుగు టైటాన్స్ ఏకంగా 2.605 కోట్లు పాడింది. లీగ్ చరిత్రలో అప్పటికి అదే పెద్ద ధర. ఆ సీజన్లో టైటాన్స్ గెలిచింది రెండే మ్యాచ్‌లు, పట్టికలో అట్టడుగు. 2024లో అతన్నే 1.725 కోట్లకి అట్టిపెట్టుకుంది. ఈసారి? 59.5 లక్షలు, మళ్లీ తలైవాస్‌కే. ఆట మర్చిపోయాడా అంటే లేదు. నాలుగేళ్లలో నాలుగు ధరలు, మనిషి అదే.

"అయినా 59 లక్షలు అన్నయ్యా" అన్నాడు తమ్ముడు, కవుతరం దగ్గర. వాడి కుడి మోకాలికి క్రేప్ బ్యాండేజీ ఉంది. అది ఎందుకని అడిగితే "ఊరికే, సపోర్టుకి" అన్నాడు.

బందరులో దిగాక కోనేరు సెంటర్ దాకా నడిచాం. అమ్మకి తొక్కుడు లడ్డు తీసుకోకుండా బందరు దాటితే మా ఇంట్లో నేరం. బందరు లడ్డుకి జీఐ ట్యాగ్ వచ్చిందని కొట్టాయన గర్వంగా చెప్పాడు గానీ ధర కూడా ట్యాగుతోపాటే పెరిగిందని మాత్రం చెప్పలేదు. ఆ రాత్రి చిలకలపూడిలో ఒక స్నేహితుడి గదిలో పడుకున్నాం.

తెల్లారకముందే గిలకలదిండి వెళ్లాం. హార్బర్లో పడవలు రావడం, చేపలు కుప్పలు పోయడం, పాట మొదలవడం. మా వైపు వేలానికి అసలు పేరు పాట. చేపకి పాట, చెరువుకి పాట, వినాయక చవితి లడ్డుకి పాట. వందగొంతులు ఒకేసారి అరుస్తున్నా పాడేవాడికి ఎవరు ఎంత అన్నారో తేడా రాదు. కుప్పలో పైన పెట్టిన చేప చూసి ధర చెప్పినవాడు మోసపోతాడు. అలవాటున్నవాడు చెయ్యి లోపలికి పెట్టి కింది చేప తీసి చూస్తాడు, మొప్ప ఎత్తి ఎరుపు చూస్తాడు. ముంబైలో ఆ ఓనర్లు చేసేది కూడా అదే అనిపించింది, కాకపోతే వాళ్ల చేతులకి వాసన రాదు.

కబడ్డీ వేలంలో 'ఫైనల్ బిడ్ మ్యాచ్' అని ఒకటుంది. తమ్ముడు రెండుసార్లు చెప్పినా నాకు ఎక్కలేదు. చెరువు కౌలుతో పోల్చుకున్నాకే అర్థమైంది. పాత కౌలుదారు ఉంటాడు. చెరువు పాటకి పెడతారు. కొత్తవాళ్లు ఎకరానికి పెంచుకుంటూ పోతారు. చివరి పాట తేలాక పెద్దమనుషులు పాతాయన వైపు తిరిగి "ఏవయ్యా, ఈ రేటుకి నువ్వుంటావా?" అంటారు. ఉంటానంటే చెరువు అతనిదే. ఆటగాడి పాత జట్టుకి ఆ హక్కే ఇది. ఇక వేలానికి రాకుండా ముందే అట్టిపెట్టుకునే వాళ్లు వేరే: 'ఎలైట్ రిటైన్డ్', 'రిటైన్డ్ యంగ్', 'న్యూ యంగ్ ప్లేయర్స్'. ఈ చివరి పేరే మావాడి కల. ట్రయల్స్‌లో ఎంపిక చేసుకుని, వేలం లేకుండా కాంట్రాక్టు ఇచ్చే కుర్రాళ్లు. కోట్లు ఉండవు. కానీ జెర్సీ మీద పేరు ఉంటుంది.

అన్నట్టు మా పెదనాన్న కొడుకు ఒకడు టొరంటోలో ఉంటాడు. ఇదంతా వాట్సాప్‌లో చెబితే నవ్వి, మాకు ఇక్కడ మంచు మీద ఇదే గోల అన్నాడు. ఐస్ హాకీలో జూన్ చివర్లో కుర్రాళ్ల డ్రాఫ్టు, ఏడు రౌండ్లు. జులై 1న ఫ్రీ ఏజెన్సీ తెరుచుకుంటుంది. అది కెనడా డే కూడా. జెండా పండగ రోజు జనం జెండా వదిలేసి ఫోన్లు చూస్తుంటారట. ఆ నెలాఖరున వాళ్ల టొరంటో ముద్దుబిడ్డ మిచ్ మార్నర్ లాస్ వెగాస్ జట్టుకి వెళ్లిపోయాడు, ఎనిమిదేళ్లకి 9.6 కోట్ల డాలర్లు. మావాడు రెండు రోజులు అన్నం సరిగా తినలేదని వదిన కంప్లైంటు. గుడివాడలో పుట్టినవాడికి ఐస్ హాకీ బెంగ ఏంటో.

గిలకలదిండి నుంచి వచ్చి అవనిగడ్డ బస్సెక్కాం. చల్లపల్లి, మోపిదేవి. మోపిదేవిలో బస్సు సగం ఖాళీ అయింది, సుబ్రహ్మణ్యస్వామి భక్తులు. పులిగడ్డ దగ్గర అక్విడక్టు దాటితే ఇక దీవే. నదికి అడ్డంగా కాలువని తీసుకెళ్లే ఆ కట్టడం చూసినప్పుడల్లా నాకు ఆశ్చర్యమే. ఆ రోజు అందులో నీళ్లు లేవు.

దివిసీమలో పెద్దవాళ్లు కాలాన్ని ఉప్పెనతో కొలుస్తారు. 1977 నవంబర్ 19. మా బాబాయ్ ఉప్పెన మరుసటేడు పుట్టాడు. ఆయన వయసు ఎవరూ లెక్కపెట్టరు, "ఉప్పెన తర్వాతి పిల్లాడు" అంటారు, ఇప్పటికీ. ఆయన రొయ్యల చెరువు కౌలుకి చేస్తాడు. రెండు పంటలు వైరస్ తినేసింది.

భోజనాల దగ్గర అసలు సంగతి బయటపడింది. ఒక అకాడమీ వాళ్లు వచ్చారట. ట్రయల్స్‌కి తీసుకెళ్తాం, లీగ్ వాళ్లు మాకు తెలుసు, ముందు ముప్పై వేలు కట్టండి అన్నారట. తమ్ముడు కట్టేద్దాం అంటున్నాడు. బాబాయ్ మాట్లాడకుండా చారు కలుపుకుంటున్నాడు.

"రసీదు ఇస్తారా?" అని అడిగాను.

"ఇవన్నీ రసీదుల మీద జరగవు అన్నయ్యా."

"గుడివాడ వాళ్ల ఐదొందలు కూడా రసీదు మీద జరగలేదు" అన్నాను. అనకూడని మాట. వాడి మొహం మాడిపోయింది. పిన్ని నా వైపు చూసిన చూపుకి నేనూ చారులోకి దిగాను.

కాసేపటికి బాబాయ్ అన్నాడు: "అబ్బాయ్, ముప్పై వేలు పెద్ద లెక్క కాదు. మేత కొట్టులో బాకీ అంతకంటే ఎక్కువే ఉంది. కానీ వీడు అగ్నివీర్‌కి రాశాడు. పరుగు ప్రాక్టీసు మానేసి ఆటకి తిరుగుతున్నాడు. అది నా బాధ."

అగ్నివీర్ అంటే నాలుగేళ్లు. తర్వాత నూటికి పాతికమందిని ఉంచుకుంటారు, మిగతావాళ్లు బయటికి. "అదీ రిటెన్షనే కదా నాన్నా" అన్నాడు తమ్ముడు. బాబాయ్‌కి అర్థం కాలేదు గానీ నాకు నవ్వొచ్చింది, ఆపుకున్నాను.

సాయంత్రం వాడు ఆడే కోర్టు చూపించాడు. ఊరి చివర బడి వెనక. రేగడిని దున్ని, నీళ్లు చల్లి, పైన ఇసుక, ఊక కలిపి తొక్కారు. పదమూడు మీటర్లు, పది మీటర్లు. సున్నం గీతలు మాత్రం కొంచెం వంకర. మ్యాట్ లేదు. ఇక్కడే చిక్కు. మట్టి మీద నేర్చుకున్న కాలు వేరు, మ్యాట్ మీద బూట్లతో ఆడే కాలు వేరు. మట్టి కొంచెం జారనిస్తుంది. మ్యాట్ పట్టేస్తుంది, అప్పుడు తిరగాల్సింది పాదం కాదు, మోకాలు. క్రేప్ బ్యాండేజీ సంగతి అక్కడ చెప్పాడు. వేసవి మొదట్లో విజయవాడలో మ్యాట్ మీద ఒక మ్యాచ్ ఆడితే టక్కుమందట. ఇంట్లో చెప్పలేదు. ఆ మోకాలితోనే గుడివాడలో రెండు వేలకి ఆడాడు.

"స్కాన్ తీయించావా?"

"తీయిస్తే ఏదో ఒకటి చెబుతారు కదా."

ఆ జవాబుకి నా దగ్గర మాట లేదు.

ఆ వారంలోనే మంగినపూడిలో మసులా బీచ్ ఫెస్టివల్, జూన్ 5 నుంచి 8 దాకా. అందులో బీచ్ కబడ్డీ. శనివారం ఇద్దరం మళ్లీ బందరొచ్చాం. మంగినపూడి తీరం గోవాలా బంగారు రంగు ఇసుక కాదు, ఇక్కడ మన నల్లమట్టే సముద్రం దాకా వెళ్తుంది. ఆ జనంలో నిలబడ్డానికే చోటు లేదు. ఓ పక్క ఫుడ్ స్టాళ్లు, ఓ పక్క మైకులు, మధ్యలో కోర్టులు. బీచ్ కబడ్డీలో జట్టుకి ఏడుగురు కాదు, నలుగురే. పట్టేవాళ్లు తక్కువ, ఖాళీ ఎక్కువ. రైడరుకి పండగే కదా అనుకుంటాం గానీ అడుగు దిగబడిపోతుంది, ముప్పై సెకన్ల రైడు మూడు నిమిషాల్లా అనిపిస్తుంది.

బయటి రాష్ట్రాల కుర్రాళ్లు ఆడుతుంటే మావాడు అరవలేదు, వీడియో తీయలేదు. వాళ్ల కాళ్లే చూస్తున్నాడు. ఒకడు బోనస్‌కి వెళ్లినట్టే వెళ్లి, వెనకడుగులో ఆగి, పట్టడానికొచ్చిన చెయ్యి మీదుగా తిరిగి వచ్చేశాడు. "చూశావా, మోకాలు తిప్పలేదు, నడుం తిప్పాడు" అన్నాడు తమ్ముడు మెల్లగా. ఒక గంట తర్వాత "వీళ్లలో ఎంతమంది లీగ్‌లో ఉన్నారంటావ్?" అని అడిగాడు. నాకు తెలిసిన మొహం ఒక్కటీ లేదని చెప్పాను. మళ్లీ చాలాసేపు మాట్లాడలేదు.

తిరుగు బస్సులో నాకు తోచింది చెప్పాను. ముందు స్కాన్. తర్వాత జిల్లా సెలక్షన్, అక్కణ్నుంచి రాష్ట్రం. ఆ దారిలో లీగ్ వచ్చినా రాకపోయినా చేతికి ఒక సర్టిఫికెట్ వస్తుంది. రైల్వే ఉంది, పోలీసు ఉంది, రాష్ట్రంలో స్పోర్ట్స్ కోటా కూడా 2 నుంచి 3 శాతం చేశారు. ముప్పై వేలకి మాత్రం ఒక ఫోన్ నంబరు తప్ప ఏమీ రాదు. వాడు విన్నాడో లేదో తెలీదు. చల్లపల్లిలో దిగి జామకాయలు కొనుక్కొచ్చాడు, ఉప్పూకారం ఎక్కువ వేయించుకుని.

స్కాన్ తీయించారు. లిగమెంటు తెగలేదు, సాగింది. మూడు నెలలు ఆట వద్దన్నారు. అకాడమీ వాళ్లు రెండుసార్లు ఫోన్ చేశారు. మూడోసారి బాబాయే ఎత్తి, "కుర్రాడు వచ్చే ఏడు వస్తాడు, డబ్బు కూడా అప్పుడే" అన్నాడట. వాళ్లు మళ్లీ చేయలేదు.

ఆగస్టు 29న విశాఖలో సీజన్ మొదలైంది. మొదటి మ్యాచే తెలుగు టైటాన్స్, తమిళ్ తలైవాస్. సగం అయ్యాక తమ్ముడికి ఫోన్ చేశాను. అప్పటికి కాలువల్లో నీళ్లొచ్చి నాట్లు కూడా అయిపోయాయి, వాడి కోర్టు మోకాలి లోతు నీళ్లలో ఉందట. చెరువు గట్టు మీద రాత్రి కాపలాకి కూర్చుని చూస్తున్నాడు, వెనక ఏరేటర్ల చప్పుడు.

"పవన్ని ఎలా పట్టాలో వీళ్లకి తెలీదు అన్నయ్యా, మన జట్టులోనే రెండేళ్లున్నాడు కదా!" అన్నాడు. "ఉండు, రైడ్‌కొస్తున్నాడు" అని పెట్టేశాడు.