గండి పడేది ఎక్కడ?

సిరుగుప్ప ప్రాంతంలో వరి పండించే రైతుకు రాత్రిపూట నిద్ర తక్కువ. తుంగభద్ర కాలువ నీళ్లు మడికి ఎక్కిన నాటి నుంచి కోతలు వచ్చేదాకా ఆయన మనసు గెనిమ మీదనే ఉంటుంది. గెనిమకు ఎండ్రకాయ వేలు పట్టేంత బొక్క చేస్తే చాలు, తెల్లవారేసరికి అది గండి అవుతుంది. మడిలోని నీరంతా వంక పాలవుతుంది. అనుభవం గల రైతు తెగిన చోట మట్టి వేసి అంతటితో ఊరుకోడు. పార భుజాన వేసుకొని కాలువ వెంట పైకి నడుస్తాడు. పైన మడవ సరిగా కట్టారా, నీళ్లు అవసరానికి మించి వస్తున్నాయా అని చూస్తాడు. గండి కనబడే చోటు ఒకటి, అది మొదలైన చోటు మరొకటి అని ఆయనకు తెలుసు.

ఫుట్‌బాల్ ఆటలో గోలు సంగతీ ఇంతే.

ఆ ఆటలో గోలు స్తంభాల మధ్య దూరం 8 గజాలు. పైన అడ్డుకర్ర ఎత్తు 8 అడుగులు. అంత వెడల్పైన వాకిలిని చేతులతో కాచే హక్కు గోల్‌కీపర్ ఒక్కడికే ఉంది. బంతి మొత్తం గీత దాటితేనే గోలు. గీత మీద ఉన్నంతవరకు ఆశ ఉన్నట్లే. గోలుకు ముందు 18 గజాల మేర పెనాల్టీ ప్రదేశం ఉంటుంది. అక్కడ ఎదుటివానిని కాలడ్డం పెట్టి పడవేసినా, పట్టి లాగినా రిఫరీ ఈల వేస్తాడు. 12 గజాల దూరం నుంచి బంతిని తన్నే అవకాశం ఎదుటి జట్టుకు దక్కుతుంది. అప్పుడు గోల్‌కీపర్‌కు అడ్డంగా ఎవరూ నిలబడరాదు.

అందువల్ల సొంత గోలు దగ్గర ఆడడం అన్నిటికన్నా కష్టం. అక్కడ ఆలోచించడానికి సమయం చాలదు. తొందరపడి తన్నిన బంతి ఎదుటివారి కాళ్లకే చేరుతుంది. పదిమంది గుమిగూడితే గోల్‌కీపర్‌కు బంతి కనబడదు. బంతిని నడిమికి తన్నరాదు, పక్కలకు తన్నాలి. ఒకడు బంతి మీదికి పోతే మరొకడు అతని వెనుక కాపుండాలి. గోల్‌కీపర్ కేక వేస్తే అందరూ వినాలి. ఇవన్నీ మైదానం పక్కన కూర్చున్నవారికి సులభంగానే తోస్తాయి. కాళ్లు బరువెక్కి, చెమట కళ్లలో పడుతున్న వేళ పాటించడమే కష్టం.

ఇక్కడ సిరుగుప్పలో ఒక కళాశాల జట్టు ఆడుతున్నదని ఊహించుకోండి. మైదానం చుట్టూ జనం. "బిడబేడ!" అని కన్నడంలో ఒకరు, "వదలొద్దు!" అని తెలుగులో ఒకరు కేకలు వేస్తున్నారు. ఆట ముగియడానికి ఇక పది నిమిషాలే ఉంది. రెండు జట్లూ సమానంగా ఉన్నాయి. కళాశాల జట్టువారు ఎలాగైనా గోలు చేయాలని అందరూ ముందుకు ఉరికారు. నడిమి ఆటగాడి కాలి నుంచి బంతి జారిపోయింది. దాన్ని తిరిగి పట్టడానికి అతడు వెనుకకు పరుగెత్తలేదు, నడుము మీద చేతులు పెట్టుకొని నిలబడిపోయాడు. ముందు వరుసవారు కూడా తమ పని అయిపోయినట్లు చూస్తున్నారు. వెనుక మిగిలింది ఇద్దరు బ్యాకులు, ఒక గోల్‌కీపర్. వారి మీదికి నలుగురు వచ్చిపడ్డారు.

మొదటి దెబ్బను గోల్‌కీపర్ పిడికిలితో కొట్టాడు. రెండవదానికి ఒక బ్యాక్ గీత మీద కాలు అడ్డం పెట్టాడు. మూడవది అతని మోకాలికి తగిలి లోపలికే పోయింది. అది సొంత గోలు. ఈల మోగింది. ఆట ముగిసింది.

"ఎట్లా కొట్టినావురా మన గోలులోనే?" అని జట్టువారు ఆ కుర్రవాడిని చుట్టుముట్టారు. అతడు తలవంచుకొని బూట్ల తాళ్లు విప్పుతున్నాడు. ఇక రేపటి నుంచి మైదానానికి రాకూడదని మనసులో అనుకుంటున్నాడు. రెండుసార్లు గోలును ఆపిన సంగతి ఎవరికీ గుర్తులేదు, అతనికీ గుర్తులేదు. ఆట చూడవచ్చిన ముసలి రైతు ఒకాయన అక్కడే ఉంటే ఏమంటాడు? "నీళ్లు మీ దగ్గర తెగలేదు నాయనా, పైన తెగినాయి. పైన ఉన్నోళ్లను కూడా అడగండి" అంటాడు.

ఆయన మాట నిజమేనా? మన దేశపు జట్టు చరిత్రను చూస్తే జవాబు దొరుకుతుంది.

1952లో హెల్సింకి ఒలింపిక్ క్రీడలలో భారత ఫుట్‌బాల్ జట్టు యుగోస్లేవియా చేతిలో 10–1 తేడాతో ఓడిపోయింది. మనవారిలో పలువురు ఆనాడు బూట్లు లేకుండా వట్టి కాళ్లతో ఆడారు. పది గోల్స్ పడిన జట్టును చూసి ఎవరైనా మొదట గోల్‌కీపర్‌ను, బ్యాకులను తప్పుపడతారు. ఆ జట్టుకు శిక్షణ ఇచ్చిన సయ్యద్ అబ్దుల్ రహీం అంతటితో సరిపెట్టుకునే మనిషి కాదు. ఆయన 1909లో హైదరాబాదులో జన్మించారు. వృత్తిచేత బడిపంతులు. 1950 నుంచి హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టును తీర్చిదిద్దారు. ఆ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది.

పిల్లవాడు లెక్క తప్పితే జవాబును కొట్టివేసి ఊరుకోకుండా, ఏ మెట్టు దగ్గర తప్పాడో వెదికేవాడే మంచి ఉపాధ్యాయుడు. రహీం గారు ఆటలోనూ అదే చేశారు. బంతిని కాళ్ల దగ్గర ఎక్కువసేపు ఉంచుకోకుండా వెంటనే తోటివాడికి అందించడం నేర్పారు. వాటం లేని కాలితోనే ఆడాలనే నియమం పెట్టి పోటీలు జరిపారు. రెండు కాళ్లూ పనిచేసే ఆటగాడు గోలు ముందు తడబడడు. మునుపటి పద్ధతులను మార్చి, నలుగురు వెనుక, ఇద్దరు నడుమ, నలుగురు ముందు నిలిచే పద్ధతికి జట్టును అలవాటు చేశారు. ఆ పద్ధతిలో నడిమి ఇద్దరూ ఎడతెగక ముందుకూ వెనుకకూ తిరగాలి. ముందున్నవారు కూడా అవసరమైనప్పుడు దిగివచ్చి కాపు కాయాలి.

1956లో మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో భారత జట్టు ఆస్ట్రేలియాను 4–2తో ఓడించి సెమీఫైనల్ చేరింది. అక్కడ మళ్లీ యుగోస్లేవియాయే ఎదురైంది. మొదటి సగంలో ఎవరూ గోలు చేయలేకపోయారు. రెండవ సగంలో తొలి గోలు చేసింది మనవారే. ఆ ఆధిక్యం నిమిషాలలోనే కరిగిపోయి జట్టు 4–1తో ఓడింది. ఆ నాలుగింటిలో చివరిది మన ఆటగాడి సొంత గోలే. అయినా పది గోల్స్ చోట నాలుగే పడ్డాయి. జట్టు నాలుగవ స్థానం పొందింది. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో భారతదేశానికి దక్కిన అత్యున్నత స్థానం నేటికీ అదే. ఆ సొంత గోలు ఆ గౌరవాన్ని చెరపలేదు.

1962లో జకార్తాలో ఆసియా క్రీడలు జరిగాయి. మొదటి ఆటలోనే దక్షిణ కొరియా 2–0తో మనలను ఓడించింది. తరువాతి ఆటలో వెనుక వరుసకు ఆయువుపట్టు వంటి జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. రహీం గారు అతనిని పక్కన కూర్చోబెట్టలేదు. సెమీఫైనల్ నుంచి ముందు వరుసలో ఆడించారు. సెప్టెంబర్ 4న జరిగిన తుదిపోటీలో ఎదురుగా ఉన్నది మళ్లీ దక్షిణ కొరియాయే. ప్రేక్షకులలో అధికభాగం మనకు వ్యతిరేకంగా అరుస్తున్నారు. పి. కె. బెనర్జీ ఒక గోలు, కట్టు కట్టిన తలతో జర్నైల్ సింగ్ ఒక గోలు చేశారు. ఆట చివరలో కొరియా ఒకటి తిరిగి ఇచ్చింది. మిగిలిన ఆ కొద్ది నిమిషాలు ఎంత పొడవైనవో గోలు కాచినవారికే తెలుస్తుంది. గోలులో ఉన్నవాడు హైదరాబాదులో పుట్టిన పీటర్ తంగరాజ్. ఇక ఏ బంతీ గీత దాటలేదు. భారత్ 2–1తో గెలిచి స్వర్ణపతకం అందుకున్నది. అప్పటికే కాన్సర్‌తో బాధపడుతున్న రహీం గారు 1963 జూన్ 11న కన్నుమూశారు.

కాచేవాడు ముందుకు పోయి గోలు చేశాడు. ముందువారు వెనుకకు వచ్చి కాపు కాశారు. ఆ జట్టులో గోలు గీత ఏ ఒక్కరి పూచీ కాదు.

సిరుగుప్ప రైతులు ఇటువంటిదే తమ కళ్లతో చూశారు. 2024 ఆగస్టు 10వ తేదీ రాత్రి తుంగభద్ర ఆనకట్టకు ఉన్న 33 గేట్లలో 19వది గొలుసు తెగి కొట్టుకుపోయింది. పంట నీరు కళ్లముందే నదిపాలవుతున్నది. పందొమ్మిదో గేటును తిట్టుతూ కూర్చుంటే నీరు ఆగదు. మిగిలిన గేట్లను కూడా ఎత్తి ఒత్తిడి తగ్గించారు. ఇంజనీర్లు, కార్మికులు పారే నీటిలోనే అడ్డుపలకలు దించి వారం రోజులలో ఆ ఖాళీని మూశారు. ఒక గేటు బరువును మిగిలినవి పంచుకున్నందువల్ల ఆనకట్ట నిలిచింది.

మరి మన కళాశాల కుర్రవాడి సంగతి? మరునాటి సాయంత్రం అతడు మైదానానికి రాకపోతే జట్టుకు గోలు కన్నా పెద్ద నష్టం. ఎవరో ఒకరు వాని ఇంటికి పోవాలి. పోవలసినవాడు నడుము మీద చేతులు పెట్టుకొని నిలబడిన ఆ నడిమి ఆటగాడే. "రారా, బంతిని వదిలింది నేను. ఈసారి నేను కూడా వెనక్కి ఉరుకుతా" అని అతడు చెప్పగలిగితే, గండి పూడ్చే మొదటి పారెడు మట్టి పడినట్లే.